రామప్పకు యాత్రికులు వస్తున్నారు, కొలువులు ఎవరికి?

చిన్న పనుల శిక్షణ లేక చేజారుతున్న ఉపాధి

ములుగు: వెంకటాపూర్ మండలం పాలంపేటలోని రామప్ప గుడికి 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. తెలంగాణలో ఆ గౌరవం దక్కిన తొలి కట్టడం అదే. ఇక లక్నవరం చెరువు, తాడ్వాయి అడవులు, వాజేడు మండలంలోని బొగత జలపాతం, రెండేళ్లకొకసారి లక్షోపలక్షల జనాన్ని రప్పించే మేడారం జాతర ఉండనే ఉన్నాయి. 2019 ఫిబ్రవరిలో ఏర్పడిన ఈ జిల్లాకు చూడదగిన చోట్ల కొరత లేదు. కొరత ఉన్నదల్లా ఉపాధికే. మంగపేట మండలం కమలాపురంలోని కలప గుజ్జు కర్మాగారం 2014లో మూతపడిన తరువాత, పొలమూ అడవీ తప్ప యువకులకు మరో ఆధారం కనబడడం లేదు. అందుచేత యాత్రికుల రాకపై ఆశలు పెట్టుకోవడం సహజమే.

ప్రభుత్వాలు కూడా ఆ ఆశలను పెంచుతున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రకటించిన పర్యాటక విధానం ఐదేళ్లలో 15,000 కోట్ల రూపాయల పెట్టుబడులు, 3 లక్షల మందికి ఉపాధి లక్ష్యంగా పెట్టుకున్నది. అంకె పెద్దదే. కాని అందులో ములుగు పిల్లల వాటా ఎంత అన్నది పెట్టుబడితో తేలే విషయం కాదు. వసతి గృహం కట్టడానికి డబ్బు చాలు. కౌంటరు వద్ద నిలబడి వచ్చినవారిని పలుకరించి, గది ఇచ్చి, బిల్లు రాసి పంపడానికి మనిషి కావాలి. ఆ మనిషి పాలంపేట నుండి వస్తాడా, హైదరాబాదు నుండి వస్తాడా అన్నదే ప్రశ్న.

యజమాని వైపు నుండి చూస్తే విషయం తేలికగా బోధపడుతుంది. పని తెలిసినవాడు పట్నంలో దొరుకుతాడు. వాడికి భోజనమూ బసా ఇచ్చి తెచ్చుకుంటే మర్నాటి నుండే కౌంటరులో కూర్చోబెట్టవచ్చు. ఊరి పిల్లవాడిని పెట్టుకుంటే మూడు నెలలు నేర్పించాలి, ఆ మూడు నెలలలో యాత్రికుల చేత మాటలు పడాలి. కనుక ఊరి పిల్లవాడికి మిగిలేవి ఊడ్చడం, మూటలు మోయడం, రాత్రి కావలి. అవి గౌరవం లేని పనులని కాదు. అయితే వాటిలో చేరిన వాడు పదేళ్లయినా అక్కడే ఉండిపోతాడు. పైమెట్టు ఎక్కడానికి కావలసిన చిన్న చిన్న పనులు అతనికి ఎవరూ చెప్పరు. అసలు అవి నేర్వదగిన విద్యలని కూడా చాలామంది అనుకోరు.

ఇంటి మర్యాద, కొలువు మర్యాద

“అతిథి మర్యాద మనవాళ్లకు ఒకరు నేర్పాలా?” అన్న మాట ఇటువంటి చర్చ వచ్చినప్పుడల్లా వినబడుతుంది. వినడానికి బాగానే ఉంటుంది కాని, ఇంటికి వచ్చిన చుట్టానికి చేసే మర్యాద వేరు, డబ్బిచ్చి దిగిన వ్యక్తికి చేసే సేవ వేరు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని “ఎన్నాళ్లుంటావు?” అని అడగడం తప్పు. వసతి గృహంలో అడగకపోవడం తప్పు. చుట్టం చేత పేరూ ఊరూ పుస్తకంలో రాయించం, గుర్తింపు కార్డు చూపమనం, బయలుదేరే ముందు లెక్క చెప్పం. కొలువులో ఈ మూడూ చేయాలి, ఎదుటివాడు చిన్నబుచ్చుకోకుండా చేయాలి. ఈ చివరి మాటలోనే అసలు నేర్పు ఉన్నది.

రిజిస్టరునే తీసుకుందాం. పేరు, చిరునామా, ఫోను నంబరు, ఎక్కడి నుండి రాక, ఎక్కడికి పోక, వచ్చిన గంట, దిగినవారు ఎందరు, అందులో పిల్లలెందరు. ఎనిమిదో తరగతి చదివిన వాడు కూడా రాయగలిగినదే. కాని వెనుక నలుగురు యాత్రికులు విసుక్కుంటూ నిలబడినప్పుడు చేయి తొందరపడుతుంది, సగం గళ్లు ఖాళీగా ఉండిపోతాయి. రాత్రివేళ ఆ గదిలో ఎవరికైనా గుండెనొప్పి వచ్చినా, ఉదయం పోలీసులు వచ్చి అడిగినా ఆ ఖాళీ గడి విలువ అప్పుడు తెలుస్తుంది. విదేశీయులు దిగితే వారి వివరాలు 24 గంటలలోగా అధికారులకు చేరవేయడం వసతి గృహం బాధ్యత. ప్రపంచ వారసత్వ కట్టడం పక్కన గదులు అద్దెకిచ్చే వారికి ఈ సంగతి తెలియకపోతే ఎలా? ఆ పాస్‌పోర్టులో పేరు ఏది, ఇంటిపేరు ఏది, వీసా గడువు ఎక్కడ ఉంటుంది అన్నది ఒక్క పూటలో నేర్పగల విషయం. నేర్పకపోతే జీవితాంతం భయపెట్టే విషయం.

డబ్బు లెక్క మరొకటి. ఇప్పుడు టీకొట్టు దగ్గర నుండి ఫోనుతోనే చెల్లింపులు సాగుతున్నాయి. డబ్బు పంపినట్లు యాత్రికుని ఫోనులో కనబడడం వేరు, యజమాని ఖాతాలో పడడం వేరు. అడవి దారిలో సిగ్నలు అందని చోట్ల ఈ తేడా తగాదాలకు దారితీస్తుంది. అటువంటప్పుడు గొంతు పెంచకుండా, “అయ్యా, మా వైపు ఇంకా రాలేదు, కొద్దిసేపు కూర్చోండి, మంచినీళ్లు తెస్తాను” అనగలగడం కూడా ఉద్యోగంలో భాగమే. రోజు చివర నగదు ఎంత, ఫోను ద్వారా ఎంత, బాకీ ఎంత అని మూడు వరుసలుగా రాసి పెట్టేవాడిని ఏ యజమానీ వదులుకోడు.

ఇక దారి చెప్పడం. ఇది నవ్వులాటగా తోచవచ్చు. జిల్లా పటం చూస్తే నవ్వు రాదు. రామప్ప గుడి ఉన్నది వెంకటాపూర్ మండలం. గోదావరి దాటి ఆవల, ఒకప్పటి నూగూరు ప్రాంతంలో వెంకటాపురం అనే మరొక మండలం ఉన్నది. రెండూ ఈ జిల్లాలోనివే. పేరులో ఒక్క అక్షరం తేడా. ఫోనులో పటం చూసుకొని వచ్చే వాడు తప్పు ఊరు నొక్కితే ఏటూరునాగారం మీదుగా నది దాటి పోతాడు. ఫోను ఎత్తిన గుమాస్తా “వెంకటాపురం రండి” అని ఊరుకోకుండా, “ములుగు దాటాక జంగాలపల్లి వద్ద పాలంపేట దారి పట్టండి” అని చెప్పగలిగితే ఒక కుటుంబానికి ఒక పూట ప్రయాణం తప్పుతుంది. దూరాన్ని ఉన్నదున్నట్లు చెప్పాలి. “ఇక్కడే, పక్కనే” అనడం మన అలవాటు. చిన్నపిల్లలతో, ముసలివారితో కారెక్కిన మనిషికి గంట ప్రయాణం పక్కన కాదు.

గదుల శుభ్రత విషయంలో పెద్దగా చెప్పనక్కరలేదు. దుప్పటి, దిండు గలీబులు మార్చారా, మరుగుదొడ్డి కడిగారా, కుళాయిలో నీళ్లు వస్తున్నాయా అని కౌంటరు మనిషి గది ఇచ్చే ముందు తానే వెళ్లి చూడాలి. అది కింది వాళ్ల పని అనుకున్న చోట మొదటి ఫిర్యాదు పావుగంటలో వస్తుంది.

గుడి ముందు చెప్పే కథలు

గైడు పని పై వాటి కంటే కష్టమైనది. పైకి సులభంగా కనబడుతుంది. నోరున్న వాడెవడైనా చేయగలడనిపిస్తుంది. రామప్ప గురించి చెప్పడానికి ఉన్న నిజాలు తక్కువేమీ కాదు. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఈ ఆలయాన్ని 1213లో నిర్మింపజేసినట్లు శాసనం ఉన్నది. పని సుమారు 40 ఏళ్లు సాగిందని నమ్మకం. పునాదిలో గొయ్యి తీసి ఇసుక నింపి, దానిపై కట్టడం నిలిపారు. విమానానికి నీటిపై తేలేటంత తేలికైన ఇటుకలు వాడారు. కప్పు అంచున నల్లరాతి మదనికలు నిలిచి ఉన్నారు. ఇవి చాలవా?

చాలవనుకునే వారు లేనివి కలుపుతారు. మార్కోపోలో ఈ గుడిని ఆలయాల నక్షత్రమండలంలో అత్యంత ప్రకాశవంతమైన తారగా మెచ్చుకున్నాడన్న మాట గైడుల నోట మాత్రమే కాదు, అచ్చు పుస్తకాలలోనూ తిరుగుతున్నది. మార్కోపోలో మోటుపల్లి రేవు ఉన్న రాజ్యాన్నీ, దాన్ని ఏలిన రాణినీ వర్ణించిన మాట నిజం. ఆయన గ్రంథంలో రామప్ప ఊసు లేదు. చదివిన యాత్రికుడు ఎదురు ప్రశ్న వేస్తే కుర్రవాడు బిక్కమొగం వేస్తాడు. ఆ తరువాత అతడు చెప్పిన నిజాలు కూడా అబద్ధాలుగానే వినబడతాయి. గుడికి శిల్పి పేరు వచ్చిందన్నది తరతరాలుగా చెప్పుకుంటున్న మాట. దాన్ని “ఇక్కడివారు ఇలా చెప్పుకుంటారు” అనీ, శాసనంలోని దాన్ని “శాసనం ఇలా అంటున్నది” అనీ విడదీసి చెప్పగలిగిన గైడుకు ఎక్కడైనా గౌరవం దక్కుతుంది.

రాతిని తడితే సంగీతం వస్తుందని చూపడం కోసం శిల్పాన్ని తట్టి వినిపించే అలవాటు మరింత ఇబ్బందికరం. ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన రాయి, రోజుకు వందమంది గోళ్లతో ఉంగరాలతో తడితే ఎన్నాళ్లు నిలుస్తుంది? “ముట్టుకోకండి” అని యాత్రికునికి చెప్పవలసిన వాడే ముందు తట్టి చూపితే వెనుక ఉన్న పిల్లలు ఊరుకుంటారా?

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంగ్లీషు రాదన్న భయంతో చాలామంది యువకులు ఈ పనుల వైపు రావడానికే జంకుతారు. నిజానికి ఇక్కడికి వచ్చే యాత్రికులలో అధికభాగం తెలుగువారే. హిందీలో కొంత, ఇంగ్లీషులో నలభై యాభై వాక్యాలు, అవీ రోజూ అవసరమయ్యేవి, తడుముకోకుండా వస్తే మొదటి ఏడాదికి సరిపోతుంది. చెప్పులు ఎక్కడ విడవాలి, నీళ్లు ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ, ఎంత సేపు పడుతుంది, ఎంత ఇవ్వాలి, ఏది చేయకూడదు. ఇంట్లో కోయ భాష మాట్లాడే పిల్లవాడు బడిలో తెలుగు నేర్చినవాడే. మరొక భాష నేర్వడం అతనికి కొత్త కాదు. ఈ మాట అతనికి చెప్పేవారు ఉండాలి.

వద్దు అని చెప్పే నేర్పు

2023 జులై 26న వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గరి ముత్యాలధార జలపాతాన్ని చూడడానికి వెళ్లిన సుమారు 80 మంది అడవిలో చిక్కుకుపోయారు. వెళ్లేటప్పుడు దాటిన వాగు, వాన కురిసి, తిరిగి వచ్చే వేళకు పొంగింది. చీకటి పడింది. వారిలో కొందరు ఫోను ద్వారా సమాచారం అందించగలిగారు. జాతీయ విపత్తు సహాయక దళం వారు రాత్రంతా శ్రమించి తెల్లవారేలోగా బయటకు తెచ్చారు. ప్రాణాలు దక్కాయి. గోదావరి మీద కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి పోతున్న బోటు మునిగినప్పుడు అంతటి అదృష్టం లేకపోయింది.

ఈ రెండు సంఘటనలను తలచుకుంటే, విహారస్థలంలో పనిచేసే మనిషికి అన్నిటికన్నా ముందు రావలసిన విద్య ఏదో తెలుస్తుంది. తలలు లెక్కపెట్టడం. లోపలికి ఎందరు పోయారు, బయటకు ఎందరు వచ్చారు. పలకమీద సుద్దముక్కతో రాసినా చాలు. పైన మబ్బు పట్టినప్పుడు వాగు ఎంత సేపటికి పొంగుతుందో ఆ అడవి అంచున పుట్టి పెరిగిన వాడికి తెలిసినంతగా పట్నం నుండి తెచ్చిన మేనేజరుకు తెలియదు. స్థానిక యువకుల దగ్గర ఉన్న ఈ తెలివి ఏ కళాశాలలోనూ దొరకదు. అయితే తెలిసి ఉండడం ఒకటి, కారులో దిగిన పదిమందిని ఆపి “అన్నా, ఇవాళ లోపలికి వద్దు” అనడం మరొకటి. వారు దూరం నుండి వచ్చామంటారు, డబ్బు ఇస్తామంటారు, పై అధికారి పేరు చెబుతారు. నెలకింత అని తాత్కాలికంగా పెట్టుకున్న కుర్రవాడు ఆ ఒత్తిడికి తలవంచకుండా ఉండాలంటే అతనికి రెండు ఉండాలి. ఎలా చెప్పాలో ముందే అభ్యాసం చేయించి ఉండాలి. చెప్పిన తరువాత యజమాని గాని, అటవీశాఖ గాని అతని పక్షాన నిలబడాలి. రెండవది లేనప్పుడు మొదటిదాని వల్ల ప్రయోజనం లేదు.

లక్నవరంలో బోటెక్కేవారికి లైఫ్ జాకెట్టు ఇవ్వడమూ ఇటువంటిదే. ఇవ్వడంతో పని అయిపోదు. పట్టీలు బిగించి కట్టారో లేదో, చిన్నపిల్లవాడికి పెద్దవాళ్లది తగిలించారో చూసేదాకా బోటు కదలరాదు. ఫోటో కోసం విప్పమని అడిగే వారికి కాదనగలగాలి.

పథకాలున్నాయి, దూరంగా ఉన్నాయి

శిక్షణ పథకాలు అసలు లేవనడం న్యాయం కాదు. కేంద్ర పర్యాటక శాఖ 2009-10లోనే ‘హునర్ సే రోజ్‌గార్ తక్’ పేరుతో ఎనిమిదో తరగతి చదివిన 18 నుండి 28 ఏళ్ల యువతీయువకులకు వంట, వడ్డన పనులలో ఉచిత శిక్షణ మొదలుపెట్టింది. ఇటువంటి శిక్షణ సాధారణంగా హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థలున్న నగరాలలో, పెద్ద హోటళ్ల పద్ధతిలో సాగుతుంది. అక్కడ నేర్చిన పిల్లవాడు అక్కడే కొలువు చూసుకుంటాడు. తిరిగి పాలంపేట ఎందుకు వస్తాడు?

2024 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభించిన ‘పర్యటన్ మిత్ర’ కార్యక్రమం ఆలోచన మెరుగైనది. కారు నడిపేవారు, వీధి వ్యాపారులు, హోటలు సిబ్బంది, గైడులు, స్వయం సహాయక సంఘాల మహిళలు, ఇలా యాత్రికుడికి తారసపడే ప్రతివారికీ వారి ఊళ్లోనే కొంత శిక్షణ ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. ముందుగా ప్రయోగం జరిగిన ఆరు చోట్లలో కడప జిల్లా గండికోట ఒకటి. ఆ తొలి జాబితాలో రామప్ప లేదు. వారసత్వ గుర్తింపు వచ్చి అప్పటికే మూడేళ్లు దాటింది.

2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన వివిధ దేశాల యువతులు రామప్పను దర్శించారు. గుడిలోకి వెళ్లే ముందు వారు కాళ్లు కడుక్కుంటుండగా మహిళా వాలంటీర్లు నీళ్లందించి, కొందరి పాదాలు తువ్వాలుతో తుడిచిన దృశ్యాలు రాష్ట్రమంతటా వివాదమయ్యాయి. అది సంప్రదాయమని ఒకరు, అవమానమని ఒకరు వాదించుకున్నారు. ఆ వాదన ఎటు తేలినా, ప్రపంచం గుడి మెట్ల దాకా వచ్చిన రోజున జనం కళ్లలో నిలిచిపోయిన చిత్రం అది. అదే ఆడపిల్లలలో ఒకరు అతిథి పక్కన నిలబడి, రాతి మదనికను చూపుతూ రెండు నిముషాలు గుడి కథ చెబుతున్న చిత్రం నిలిచి ఉంటే ఆ చర్చ మరోలా సాగేది.

ఆడపిల్లల విషయంలో నేర్పు ఒక్కటే అడ్డంకి కాదు. వసతి గృహాలలో, భోజనశాలలలో పని రాత్రి తొమ్మిది పదింటి దాకా ఉంటుంది. ఆ వేళకు పల్లెలకు బస్సులుండవు. పదిమందితో పని, రాత్రి రాక అంటే తల్లిదండ్రులు ఒప్పుకోరు. వారిని తప్పుపట్టి లాభం లేదు. సాయంత్రం ఆరింటితో ముగిసే పనివేళ, లేదా యజమాని వాహనంలో ఇంటి దగ్గర దింపే ఏర్పాటు, అదీ ఒకరిని కాక ముగ్గురు నలుగురిని కలిపి పనిలో చేర్చుకోవడం వంటివి చేస్తే కౌంటరు పనికీ, గైడు పనికీ ఆడపిల్లలు వస్తారు. శిక్షణ తరగతులు పెట్టి ఈ సంగతి పట్టించుకోకపోతే సర్టిఫికెట్లు పెట్టెలో ఉంటాయి.

జరగవలసింది పెద్ద భవనం కట్టడం కాదు. ఏటూరునాగారంలో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఉన్నది. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. పురావస్తు శాఖ, అటవీశాఖ, పర్యాటకాభివృద్ధి సంస్థ మూడింటికీ ఇక్కడ పనులున్నాయి. వీరంతా కలిసి ఏటా రెండు మూడు విడతలుగా, విడతకు పాతిక ముప్పై మందికి, మూడు వారాల శిక్షణ ఇస్తే చాలు. అందులో సగం రోజులు నిజమైన కౌంటరు వెనుక, నిజమైన బోటు పక్కన, నిజమైన గుడి ముందు గడవాలి. గుడి చరిత్ర పురావస్తు శాఖ వారు చెప్పాలి, వాగుల సంగతి అటవీ సిబ్బంది చెప్పాలి, ప్రథమ చికిత్స ఆసుపత్రి వారు చేయించి చూపాలి. నేర్చుకునే మూడు వారాలూ కూలి నష్టపోకుండా కొంత భత్యం ఇవ్వకపోతే, రోజు కూలిపై బతికే ఇంటి పిల్లవాడు రెండో రోజు నుండే మానేస్తాడు. వసతి గృహాలకు స్థలాలు, అనుమతులు, రాయితీలు ఇచ్చేటప్పుడు కౌంటరు, గైడు, బోటు పనులలో ఇన్ని స్థానికులకే అన్న షరతు కాగితంపై ఉండాలి. ఊడ్చే పనులను లెక్కలో చూపి షరతు నెరవేరిందనడానికి వీలు లేకుండా ఉండాలి.

యజమానులు అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. నేర్పిన తరువాత పిల్లవాడు ఎక్కువ జీతానికి పట్నం పోతే? పోవచ్చు. పని నేర్చిన నాడు ఇచ్చే జీతం, నేర్వక ముందు ఇచ్చిన జీతం ఒక్కటే అయితే తప్పకుండా పోతాడు.

వానలు జూన్‌లో మొదలవుతాయి. జులై వచ్చేసరికి బొగత వైపు, ముత్యాలధార వైపు కార్లు బారులు తీరుతాయి. వాగు గట్టున పలకా సుద్దముక్కా పట్టుకొని నిలబడవలసిన యువకులకు ఆ పని చెప్పడానికి మూడు వారాలు చాలు. మొదలుపెట్టవలసింది మే నెలలోనే.